ముక్కుమీది కోపము

అయినదానికి కానిదానికి చిటపటలాడువానికి కోపము ముక్కుమీదనే యుండునని మనవారందురు. నరుని నాసికకును, పక్షి చంచువునకును తెలుగున ముక్కు అను నొక్క పేరే చెల్లుచున్నది. కావున ఈ మాట డోనాల్డు డక్ అను బాతునకు అమరినట్లు మరి యెవ్వరికిని అమరదు.

ఈ బాతు అమెరికా దేశమున వాల్టు డిస్నీ చిత్రశాలలో పుట్టినది. 1934వ సంవత్సరము జూను నెలలో వెలువడిన ‘ది వైజ్ లిటిల్ హెన్’ అను బొమ్మల చలనచిత్రమున మొదట కానవచ్చెను. అందొక కోడి మొక్కజొన్న నాటుటకు సాయము రమ్మని పిలువగా, డోనాల్డు కడుపునొప్పి యని మూలుగుచు తప్పించుకొనును. అప్పటికి వాడు సోమరియే గాని కోపిష్ఠి కాడు.

కోపము రెండు నెలల పిమ్మట వచ్చినది. ‘ఆర్ఫన్స్ బెనిఫిట్’ అను చిత్రమున అనాథబాలుర వినోదమునకై యొక ప్రదర్శనము జరుగును. డోనాల్డు నావికుని అంగీ తొడిగి, ఠీవిగా రంగస్థలమెక్కి, బాలగేయమొకటి వినిపింపబోవును. పిల్లలు గేలి చేయుదురు. వాడు తమాయించుకొని మరల ఆరంభించును, మరల గేలి. అంతట వానికి పూనకము వచ్చును. ఒక చేయి చాచి, రెండవ చేతి పిడికిలి గిరగిర త్రిప్పుచు, ఒంటికాలిపై గెంతును. ఈ భంగిమను కల్పించినవాడు డిక్ లండీ అను చిత్రకారుడు. ఈ బాతు తన గొప్ప నలుగురికి చూపగోరువాడనియు, అది సాగనిచో మండిపడుననియు అతడు కనిపెట్టెను. కోపమునకు మూలము బలము కాదు, భంగపడిన అభిమానము. దానిని ఆ చిత్రకారుడు గీతలలో పట్టినాడు. ఇది సామాన్యమైన పని కాదు.

ఆ కోపమునకు గొంతునిచ్చినవాడు క్లారెన్సు నాష్. ఆయన మేకపిల్ల అరపును అనుకరించుచుండగా డిస్నీ విని, ఇదియే మన బాతు గొంతని తలచెను. ఆ మాటలు సగము బోధపడవు. అయినను ఉక్రోషము మాత్రము ప్రతి శ్రోతకును తెలియును. ఇంచుమించు అరువది యేండ్ల వయసు వాటిల్లిన పిమ్మట కూడ నాష్ ఆ గొంతును విడువలేదు. 1985లో మరణించువరకు అది ఆయనదే. తరువాత ఆయన శిక్షణ పొందిన టోనీ అన్సెల్మో దానిని నిలిపెను.

డిస్నీవారికి ఈ కోపిష్ఠి యొక విధముగా అవసరమయ్యెను. మికీ మౌసు పిల్లలకు ఆదర్శప్రాయుడైన కొలదియు అతనిచేత తప్పు చేయించుట కష్టమాయెను. ఆ తప్పులన్నియు బాతు పాలబడెను. 1935 నాటి ‘ది బ్యాండ్ కాన్సర్ట్’లో మికీ వాద్యబృందమును నడుపుచుండ, తినుబండారములమ్మ వచ్చిన డోనాల్డు పిల్లనగ్రోవితో అడ్డు తగులును. మికీ దానిని విరుచును. వాడు ఇంకొకటి తీయును. ఎన్ని విరిచినను అంతే.

కోపమును మాన్పు ప్రయత్నములును జరిగినవి. 1938 నాటి ‘సెల్ఫ్ కంట్రోల్’లో డోనాల్డు తోటలో ఊయలపై పరుండి, రేడియోలో శాంతబోధ వినును. కోపము వచ్చినపుడు పదివరకు లెక్కింపుమని బోధకుని హితవు. వాడు శ్రద్ధగా లెక్కించును. కాని పురుగులును పక్షులును ఊరకుండునా? తుదకు విరుగునది రేడియోయే.

1945 నాటి ‘క్యూర్డ్ డక్’ ఇంకను చక్కనిది. స్నేహితురాలగు డెయిజీ ఇంట కిటికీ తెరువబోయి, అది రాకపోగా, డోనాల్డు గదియంతయు ధ్వంసము చేయును. డెయిజీ వచ్చి గడియ తీయగా కిటికీ సులభముగా తెరుచుకొనును. గడియ యున్నదన్న తలపే వానికి రాలేదు! కోపము మానినగాని తన గడప త్రొక్కవలదని ఆమె యనును. అంతట వాడు దూషణలు గుప్పించు ఒక యంత్రమును తెప్పించి, దాని తిట్లును దెబ్బలును ఓర్చి, నిగ్రహము సాధించును. ఇది నవ్వులాటగా కనిపించినను, వాడు పడిన పాటు నిజమైనది. చూచువారికి ఆ బాతుపై జాలి కలుగును.

శాంతుడై డోనాల్డు మరల డెయిజీ ఇంటికి వచ్చెను. ఈసారి కిటికీ వానిని కదల్పలేకపోయెను. ఆమె సంతసించి, షికారు పోవుటకై తన క్రొత్త టోపీ పెట్టుకొని వచ్చెను. ఆ టోపీని చూచి డోనాల్డు పకపక నవ్వెను. అంతే, డెయిజీకి కోపము వచ్చెను.