బంతి గిన్నె, మడత బందు, బొంగరం

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకి కీళ్ళ పేర్లు బాల్ అండ్ సాకెట్, హింజ్, పివట్ అనే వచ్చు. తెలుగు మీడియం సైన్స్ పుస్తకంలో వీటినే బంతి గిన్నె కీలు, మడత బందు కీలు, బొంగరపు కీలు అంటారు. పేరు వింటేనే కీలు ఎలా కదులుతుందో అర్థమైపోతుంది. అది తెలిస్తే దెబ్బ ఎలా తగులుతుందో కూడా తెలుస్తుంది.

బంతి గిన్నె కీలు: తుంటి, భుజం. ఒక ఎముక గుండ్రటి తల ఇంకో ఎముక గుంటలో తిరుగుతుంది. తుంటి దగ్గర గిన్నె లోతుగా ఉంటుంది, అందుకే మామూలు దెబ్బకి జారదు. భుజం దగ్గర అది గిన్నె కాదు, సాసర్! చెయ్యి చుట్టూ తిప్పి బౌలింగ్ వేయగలిగేది దానివల్లే. పెద్ద కీళ్ళలో ఎక్కువగా జారేది భుజమే కావడానికి కారణమూ అదే. మన వాళ్ళు "గూడ జారింది" అనేది దీన్నే. జారిన భుజాన్ని ఫ్రెండ్స్ లాగి ఎక్కించకూడదు. పక్కనే నరాలు, రక్తనాళాలు ఉంటాయి. చెయ్యి కదలకుండా చున్నీతో కట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

మడత బందు కీలు: మోచెయ్యి, మోకాలు, చీలమండ. తలుపు బందులా ముఖ్యంగా ఒకే దారిలో మడుస్తాయి. దారి తప్పిస్తే ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, లేదా తెగుతాయి. కబడ్డీలో పాదం నేలకి ఆని ఉండగా ఒళ్ళు గబుక్కున తిరిగితే మోకాలి లోపలి ఏసీఎల్ తెగొచ్చు. టప్‌మని శబ్దం, కొన్ని గంటల్లోనే వాపు దానికి గుర్తులు. పాదం లోపలికి మడత పడితే చీలమండ బయటివైపు బెణుకుతుంది.

బొంగరపు కీలు: మెడలో మొదటి వెన్నుపూస ఉంగరంలా ఉంటుంది. రెండోదాని మేకు చుట్టూ అది తిరుగుతుంది. మనం తల అడ్డంగా ఊపేది దీంతోనే. వెన్నుపాము వెళ్ళేది కూడా ఇక్కడి నుంచే. బైక్ మీంచి పడ్డవాళ్ళకి ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, తల కదపకుండా 108కి ఫోన్ చేయండి.

బెణికితే ఏం చేయాలి?

ఆముదం కాచి గట్టిగా నీవడం మన ఇళ్ళల్లో అలవాటు. కానీ మొదటి రెండు రోజులు వేడి, మర్దన వాపుని పెంచుతాయి. గుడ్డలో చుట్టిన ఐస్ 15–20 నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి.

లిగమెంట్లకి రక్తం తక్కువగా అందుతుంది, అందుకే మెల్లగా మానతాయి. నొప్పి తగ్గడం వేరు, మానడం వేరు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణకడం తేలిక. నొప్పి తగ్గాక రోజూ కాసేపు ఒంటికాలి మీద నిలబడడం ప్రాక్టీస్ చేయండి. అది స్థిరంగా వచ్చాకే గ్రౌండ్‌లోకి దిగండి.