ఎవరి కోసం ఏడుస్తున్నాం? 2019 సంవత్సరం నేర్పే పాఠం

చదవవలసిన వాక్యభాగాలు: లూకా 13:1-5, రోమా 12:14-21, నిర్గమకాండము 23:1



ఎక్కడో బాంబు పేలిందని, కాల్పులు జరిగాయని వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా వచ్చే ప్రశ్నలు గమనించారా? "చేసిందెవరు? పోయింది మనవాళ్లా?" అని అడుగుతాం. పరాయి దేశంలో ఉన్నాం కాబట్టి "ఆ ఊళ్లో తెలుగువాళ్లెవరైనా ఉన్నారా?" అని కూడా అడుగుతాం. అందులో తప్పు లేదు. జనంలో అలజడి రేగితే తల్లి ముందు తన బిడ్డనే వెతుక్కుంటుంది. అయితే మన బిడ్డ క్షేమమని తెలిసిన తరువాత ఏం చేస్తున్నాం? పోయినవాళ్లు మనవాళ్లు కాదని తెలియగానే మన ప్రార్థన ఆగిపోతోందా? ఈ పాఠంలో ఆ ఒక్క ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. అందుకు 2019 సంవత్సరాన్ని తీసుకున్నాను. ఆ ఒక్క ఏడాదిలోనే మసీదులోనూ, చర్చిలోనూ, యూదుల సమాజమందిరంలోనూ ప్రార్థనలో ఉన్నవారి మీద దాడులు జరిగాయి.

ఒక్క ఏడాది లెక్క

నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తాను. పట్టికలు, లెక్కలు నాకు రోజువారీ పని. అందుకే మొదట లెక్కనే చూద్దాం. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్స్ అండ్ పీస్ అనే సంస్థ ఏటా గ్లోబల్ టెర్రరిజం ఇండెక్స్ విడుదల చేస్తుంది. దాని ప్రకారం 2019లో ఉగ్రవాదం వల్ల 13,826 మంది చనిపోయారు. కనీసం ఒక్క మరణమైనా నమోదైన దేశాలు 63. అంతకుముందు సంవత్సరాలతో పోలిస్తే ఇది తక్కువే. వరుసగా అయిదో ఏడాది ఈ సంఖ్య తగ్గింది.

మరి ఎక్కువమంది ఎక్కడ చనిపోయారు? మన టీవీల్లో గంటల తరబడి చూపించిన నగరాల్లో కాదు. నూటికి 41 మరణాలు ఒక్క ఆఫ్ఘనిస్తాన్‌లోనే జరిగాయి. నూటికి 96 మరణాలు అప్పటికే యుద్ధంతో, అంతర్గత పోరాటాలతో నలుగుతున్న దేశాల్లో జరిగాయి. ఆగస్టు 17 రాత్రి కాబూల్‌లో ఒక పెళ్లి మండపంలో ఆత్మాహుతి బాంబు పేలి 60 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 18న నంగర్‌హార్ రాష్ట్రంలో శుక్రవారం నమాజు జరుగుతుండగా మసీదు కప్పు కూలి 60 మందికి పైగా పోయారు. డిసెంబరు 28న సోమాలియా రాజధాని మొగదిషులో లారీ బాంబుకు 80 మందికి పైగా బలయ్యారు. వారిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఈ మూడు చోట్లా పోయినవారు దాదాపు అందరూ ముస్లింలే.

మన విశ్వాస కుటుంబం కూడా ఆ ఏడాది రక్తం కార్చింది. జనవరి 27 ఆదివారం ఫిలిప్పీన్స్‌లోని హోలో కెథడ్రల్‌లో ఆరాధన జరుగుతుండగా రెండు బాంబులు పేలాయి. బుర్కినా ఫాసోలో ఏప్రిల్‌లో సిల్గాజీ సంఘ కాపరిని, విశ్వాసులను కాల్చి చంపారు. మే నెలలో దాబ్లోలో, డిసెంబరు 1న హాంతుకూరాలో ఆరాధనకు కూడినవారిని చంపారు. ఈ ఊళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? మనవాళ్లే అయినా దూరపు పల్లెటూరివారు, పేదవారు అయితే మన ప్రార్థనకు అందలేదు. అంటే "మనవాళ్లు" అని మనం గీసుకున్న గీత మనం అనుకున్న దానికంటే ఇరుకైనది.

మూడు తలుపులు

ఆ ఏడాది జరిగిన మూడు సంఘటనల్లో తలుపు దగ్గర ఏం జరిగిందో చూడండి.

మొదటిది మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో అల్ నూర్ మసీదు. తుపాకీతో వస్తున్న మనిషిని ద్వారం దగ్గర ఒక పెద్దాయన "సోదరా" అని పలకరించాడు. మొదట చంపబడినవారిలో ఆయన ఒకడు. అక్కడా, లిన్‌వుడ్ మసీదులోనూ కలిపి 51 మంది చనిపోయారు. వారిలో హైదరాబాద్, కరీంనగర్ నుండి వెళ్లి అక్కడ స్థిరపడినవారు కూడా ఉన్నారు. మనలాగే బ్రతుకుతెరువు కోసం, పిల్లల చదువుల కోసం వెళ్లినవారు.

రెండవది ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంకలో మూడు చర్చిల మీద, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ల మీద దాడులు జరిగి 260 మందికి పైగా చనిపోయారు. ఆ చర్చిలలో ఒకటి తూర్పు తీరాన బట్టికలోవాలోని జియోన్ చర్చి. సంచితో వచ్చిన అపరిచితుణ్ణి చూసి అనుమానం వచ్చి, సంఘ సభ్యుడొకాయన అతణ్ణి లోపలికి పోనివ్వలేదు. బాంబు ఆవరణలోనే పేలింది. ఆపినాయన చనిపోయాడు. ఆ ఆవరణలో ఉన్న సండే స్కూలు పిల్లలు కూడా చనిపోయారు. కాని లోపల ఆరాధనకు కూడిన ఎంతోమంది బ్రతికారు.

మూడవది అక్టోబరు 9. జర్మనీలోని హాలే పట్టణంలో యూదుల సమాజమందిరం. అది యూదుల ప్రాయశ్చిత్త దినం. లోపల సుమారు 50 మంది ప్రార్థనలో ఉన్నారు. దుండగుడు తలుపును తుపాకీతో కాల్చినా, పేలుడు పదార్థాలు వాడినా అది తెరుచుకోలేదు. ఆ కోపంతో వీధిలో వెళ్తున్న ఒక స్త్రీని, దగ్గరలోని హోటల్లో ఒక యువకుణ్ణి చంపాడు. తూటాల గుర్తులున్న ఆ తలుపును తరువాత జ్ఞాపకచిహ్నంగా నిలబెట్టారు.

ఒకచోట తలుపు దగ్గర ఒక మనిషి పలకరించాడు. ఒకచోట ఒక మనిషి అడ్డు నిలిచాడు. ఒకచోట చెక్క తలుపే అడ్డు నిలిచింది. మూడుచోట్లా లోపల ఉన్నవారు మనం ఆదివారం చేసే పనే చేస్తున్నారు: చెప్పులు విప్పి, లేదా బెంచీలో కూర్చుని, పిల్లల్ని పక్కన పెట్టుకుని దేవుణ్ణి పిలుస్తున్నారు. మన సిద్ధాంతానికీ వారి సిద్ధాంతానికీ ఉన్న భేదం చిన్నది కాదు. దాన్ని దాచమని నేను చెప్పడం లేదు. కాని తలుపు బయట తుపాకీ పట్టుకున్నవాడి మనసులో "వాళ్లు మనవాళ్లు కారు, కాబట్టి వాళ్ల ప్రాణానికి విలువ లేదు" అన్న మాట ఉంది. ఆ మాటలో సగం మన గుండెలో కూడా ఉంటే జాగ్రత్తపడాలి.

యేసుప్రభువు దగ్గరికి వచ్చిన వార్త

ఇప్పుడు లూకా 13వ అధ్యాయం తెరవండి. అక్కడ కొందరు ఒక తాజా వార్త తెచ్చారు. గలిలయవారు కొందరు దేవునికి బలులు అర్పిస్తుండగా పిలాతు వారిని చంపించి, వారి రక్తాన్ని ఆ బలులతోనే కలిపాడట. ఆరాధనలో ఉన్నవారిని చంపడం నిన్న మొన్న మొదలైంది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వార్త తెచ్చినవారు ప్రభువు నుండి ఒక తీర్పు ఆశించి ఉంటారు. పిలాతును తిట్టాలి, లేదా చచ్చినవారిలో ఏదో పాపం ఉందని చెప్పాలి. ప్రభువు ఆ రెండూ చేయలేదు. చనిపోయినవారు మిగతావారి కంటే పాపులని మీరు అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు. వెంటనే సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి ఎత్తాడు. గలిలయవారి గురించి అడిగితే యెరూషలేమువారి గురించి కూడా చెప్పాడు. ఆ 18 మందిని ఎవరూ ఆయనను అడగలేదు. అడగనివారిని కూడా ఆయన లెక్కలో పెట్టుకున్నాడు. ఆ తరువాత వేలు వినేవారి వైపే తిప్పాడు: మీరు మారుమనస్సు పొందాలి అన్నాడు.

"దేవుడు ఎందుకు అనుమతించాడు?" అనే ప్రశ్నకు ఈ భాగంలో పూర్తి జవాబు లేదు. బట్టికలోవాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి నేను కూడా జవాబు చెప్పలేను. కాని ఒకటి స్పష్టంగా ఉంది. చనిపోయినవారిని చూపించి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. వారిని చూసి మన హృదయాన్ని పరీక్షించుకునే బాధ్యత మాత్రం ఉంది.

విషం ఎలా పాకింది

క్రైస్ట్‌చర్చ్ దుండగుడు తన దాడిని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఆ సంస్థ చెప్పినదాని ప్రకారం ప్రసారం జరుగుతుండగా చూసినవారు 200 మంది కూడా లేరు. కాని మొదటి 24 గంటల్లో ఆ వీడియో కాపీలను 15 లక్షలు తొలగించవలసి వచ్చింది. అందులో 12 లక్షలకు పైగా పైకి ఎక్కుతుండగానే ఆపారు. ఆలోచించండి: వాటిని పైకి ఎక్కించినవారంతా హంతకులా? కాదు. చాలామంది మామూలు మనుషులే అయి ఉంటారు. ఆత్రుతతో, కోపంతో, "అందరికీ తెలియాలి" అనే ఉద్దేశంతో వేలు నొక్కి ఉంటారు.

ఆ విషం ఫలించింది. ఏప్రిల్ 27న కాలిఫోర్నియాలోని పోవే సమాజమందిరంలో ఒక స్త్రీని చంపినవాడు, ఆగస్టు 3న టెక్సస్‌లోని ఎల్ పాసో దుకాణంలో కాల్పులు జరిపి 23 మంది మరణానికి కారణమైనవాడు, ఇద్దరూ క్రైస్ట్‌చర్చ్ దాడిని మెచ్చుకుంటూ రాతలు పెట్టారు. హాలే దుండగుడు కూడా తన దాడిని ప్రసారం చేశాడు. న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ మాత్రం హంతకుడి పేరు తన నోట పలకనని పార్లమెంటులో చెప్పారు. ఈ పాఠంలో కూడా ఏ దుండగుడి పేరూ రాయలేదు.

నిర్గమకాండము 23:1లో దేవుడు తన ప్రజలతో అబద్ధపు వార్తను పుట్టించవద్దు, దుర్మార్గునితో చేతులు కలపవద్దు అన్నాడు. ఫార్వర్డ్ చేయడం కూడా చేతులు కలపడమే.

పగ ఎవరి మీద పడుతుంది?

ఈస్టర్ దాడుల తరువాత శ్రీలంకలో ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. నెగొంబోలో తలదాచుకున్న పాకిస్తానీ అహ్మదీయ శరణార్థులు బెదిరింపులకు ఇళ్లు వదిలి పారిపోయారు. స్వదేశంలో మతహింస తట్టుకోలేక వచ్చినవారు వారు. మే నెలలో అల్లరిమూకలు ముస్లింల ఇళ్లు, దుకాణాలు, మసీదుల మీద పడ్డాయి. పగకు కళ్లుండవు. అది దోషిని వెతకదు, దగ్గరలో దొరికినవాణ్ణి పట్టుకుంటుంది.

మనకు ఇది తెలియని సంగతి కాదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేతాలో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు, అతణ్ణి ఇరాన్ దేశస్థుడని అనుకున్నాడు. అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడొకడు తూటా దెబ్బ తిన్నాడు. మనం ఎవరిని "వాళ్లు" అంటున్నామో, వీధిలో చూసే పరాయి కంటికి మనమూ ఆ "వాళ్లలో" ఒకరమే.

అలాగని న్యాయం అడగకూడదని కాదు. రోమా 12వ అధ్యాయం పగతీర్చుకోవద్దంటే, 13వ అధ్యాయం శిక్షించే పనిని అధికారులకు అప్పగించింది. కొలంబో ఆర్చిబిషప్ కార్డినల్ మాల్కం రంజిత్ తన ప్రజలను శాంతంగా ఉండమన్నారు, నిజం బయటికి రావాలని సంవత్సరాల తరబడి అడుగుతూనే ఉన్నారు. ముందస్తు హెచ్చరికలు అందినా పట్టించుకోలేదని 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను 10 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించింది. క్రైస్ట్‌చర్చ్ హంతకుడికి విడుదల లేని యావజ్జీవ శిక్ష పడింది. న్యాయం అడగడం వేరు, పగ పట్టడం వేరు.

ఇంకో మాట. క్రైస్ట్‌చర్చ్‌లో భార్యను పోగొట్టుకున్న ఒక ముస్లిం భర్త, చక్రాల కుర్చీలో కూర్చునే మనిషి, తన భార్యను చంపినవాణ్ణి క్షమిస్తున్నానని అందరి ముందు చెప్పారు. రోమా 12 మన చేతిలో ఉంది. ఆ పని ఆయన చేశారు. ఇది మనల్ని సిగ్గుపరచాలి, మేల్కొలపాలి.

మనం చేయగలిగినవి

1. వార్త వచ్చిన వెంటనే ఫార్వర్డ్ చేయకండి. ఎప్పటి వీడియో, ఏ ఊరిది, ఎవరు ధ్రువీకరించారు అని చూడండి. చనిపోతున్నవారి దృశ్యాలను అసలు పంపకండి. అది ఒకరి తండ్రి, ఒకరి కూతురు.

2. సంఘ విజ్ఞాపన ప్రార్థనలో ప్రతి నెలా ఒక దూరపు స్థలాన్ని చేర్చండి. బుర్కినా ఫాసో సంఘాలతో పాటు కాబూల్, మొగదిషు కుటుంబాలను కూడా. దాడి చేసేవారి కోసం కూడా ప్రార్థించండి. సంఘాన్ని హింసిస్తూ అది దేవుని సేవ అనుకున్న సౌలును ప్రభువు దమస్కు దారిలో పట్టుకున్నాడు.

3. మీ వీధిలోని మసీదు మీదో, సమాజమందిరం మీదో దాడి జరిగితే మీ కాపరితో, పెద్దలతో కలిసి వెళ్లి పరామర్శించండి. మాటలు రాకపోయినా ఫరవాలేదు. ఏడ్చేవారితో కలిసి ఏడవమని రోమా 12:15 మనకు నేర్పింది. వారు ఏ మతంవారో ముందు అడగమని అక్కడ లేదు.

4. మన చర్చి ద్వారం దగ్గర నిలబడే సహోదరుల కోసం ప్రార్థించండి. కొత్తవారిని ప్రేమగా పలకరించే మనసు, ప్రమాదాన్ని గుర్తించే వివేకం రెండూ వారికి కావాలి.

చర్చించుకోవడానికి ప్రశ్నలు

- లూకా 13లో వార్త తెచ్చినవారు ప్రభువు నుండి ఏమి ఆశించారు? మనం ఏమి ఆశిస్తాం?
- గత సంవత్సరం మన సంఘంలో ఏ దాడుల బాధితుల కోసం ప్రార్థించాం? ఎవరిని వదిలేశాం? ఎందుకు?
- మీ కుటుంబ గ్రూపులో ఒక మతంవారందరినీ నిందించే సందేశం వస్తే, పంపినది మీ మామయ్య గానీ పెద్దన్నయ్య గానీ అయితే, గౌరవం తప్పకుండా ఏమని జవాబిస్తారు?

ఈ వారం కుటుంబ ప్రార్థనలో పైన చెప్పిన ఊళ్లలో ఒక్కదాన్ని ఎంచుకోండి. మ్యాప్ తెరిచి అది ఎక్కడుందో మీ పిల్లలకు చూపించండి. తరువాత ఆ ఊరి పేరు పెట్టి ప్రార్థించండి. ఎవరూ అడగని 18 మందిని గుర్తు చేసిన ప్రభువు మీ ప్రార్థన ఆలకిస్తాడు. ఆయన కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమెన్.