ఆర్గస్ కెమేరా

పరిశ్రమలు మహానగరములలోనే పుట్టవలెనను నియమము లేదు. 1947లో ఆంధ్రా షుగర్స్ సంస్థ తణుకులో వెలసెను. అంతకు పూర్వమే అమెరికాలో, మిషిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బర్ అను చిన్న పట్టణమున ఒక కెమేరా పుట్టి, దేశమంతటను పేరొందెను.

1929లో అమెరికాను ఆర్థిక మాంద్యము క్రమ్ముకొనెను. కర్మాగారములు మూతపడెను, పనివారు వీథుల పాలైరి. అట్టి దినములలో, 1931లో, చార్లెస్ వెర్షూర్ అను నతడు ఊరివారి సాయముతో రేడియోలు చేయు సంస్థ నొకదానిని నెలకొల్పెను. అయితే వేసవి వచ్చినచో రేడియోల బేరము తగ్గెడిది. పనివారికి ఏడాది పొడవునను పని దొరకవలెనన్నచో మరియొక వస్తువు కావలెను.

ఆ కాలమున జర్మనీ దేశపు లైకా కెమేరా ప్రసిద్ధమై యుండెను. 35 మిల్లీమీటర్ల సన్నని ఫిల్ముపై చక్కని చిత్రములు తీయు ఆ చిన్న యంత్రము ధనికులకే అందుచుండెను. అట్టిదానిని సామాన్యులకు అందింపవలెనని వెర్షూర్ సంకల్పించెను. రేడియో పెట్టెలకు వాడిన బేకలైటుతోనే కెమేరా పెట్టెను పోతపోయించెను. 1936లో వెలువడిన ఆ కెమేరా వెల పన్నెండున్నర డాలర్లు మాత్రమే. దానికి ఆర్గస్ అని పేరిడిరి. మనకు ఇంద్రుడు సహస్రాక్షుడైనట్లు, గ్రీకు పురాణములలో ఆర్గస్ నూరు కన్నులు గలవాడు.

1939లో వచ్చిన 'సి3' మరింత ప్రఖ్యాతి గాంచెను. దాని ఆకారమును చూచి జనులు 'ఇటుక' అని ముద్దుగా పిలిచిరి. దూరమును కొలుచు సాధనము దానిలోనే యుండెను. ముందున్న పండ్లచక్రమును త్రిప్పగా రెండు ప్రతిబింబములు సరిగా కలిసినచో, చిత్రము స్పష్టముగా వచ్చునని తెలియును. ప్రతి చిత్రమునకు ముందు ఒక మీటను చేతితో నొక్కి సిద్ధపరుపవలెను. పని మోటైనను యంత్రము గట్టిది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ సంస్థ సైన్యమునకు కటకములతో కూడిన సాధనములను చేసి యిచ్చెను. యుద్ధానంతరము జపాను కెమేరాలు నానాటికి మెరుగగుచు విపణిని ఆక్రమింపసాగెను. 'సి3' మాత్రము పెద్ద మార్పు లేకయే వెలువడుచుండెను. 1957లో సంస్థ సిల్వేనియా అను పెద్ద కంపెనీ చేతికి పోయెను. 1966లో 'సి3' తయారీ నిలిచిపోయెను. అప్పటికి అట్టి కెమేరాలు సుమారు 20 లక్షలు అమ్ముడుపోయెను.

మంచి వస్తువును పదిమందికి అందించుట గొప్ప కార్యము. అందించిన పిదప దానిని నిత్యము మెరుగుపరచుచుండుట అంతకంటెను కష్టమైన కార్యము. మొదటి కార్యము ఆర్గస్‌కు కీర్తి తెచ్చెను. రెండవదానిలో అది వెనుకబడెను. అయినను, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తమ పిల్లల చిత్రములను తీసికొను భాగ్యమును ఎన్నో సామాన్య కుటుంబములకు ఈ 'ఇటుక' కలిగించెను.