మోరిల్ హాల్ మెట్ల దగ్గర

చెల్లీ, సీటొచ్చిందని తెలిసి ఎంత సంబరపడ్డానో! అందరూ కంప్యూటర్లంటుంటే నువ్వు అమెరికన్ స్టడీస్ తీసుకున్నావు. "అమెరికాని చదవడమేమిటే?" అని అమ్మ బెంగపడుతోందట కదా. మన ఉస్మానియాలోనే 1964లో ఆ చదువు కోసం పరిశోధనా కేంద్రం పెట్టారని చెప్పు, కాస్త కుదుటపడుతుంది.

ఇక్కడ మిన్నెసోటా యూనివర్సిటీ క్యాంపస్ మధ్యలోంచే మిసిసిపీ నది పారుతుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వాషింగ్టన్ అవెన్యూ వంతెన. కింద కార్లు, రైలు. పైన మనుషులు, సైకిళ్లు. జనవరి గాలి చెంపలు కోసేస్తుంది, అప్పుడు మధ్యనున్న మూసిన దారిలోకి దూరిపో. గోడల మీద విద్యార్థి సంఘాలు వేసుకున్న బొమ్మలుంటాయి. ఒక్కో పలకా ఆగి చూడు. ఎవరెవరు ఇక్కడ కలిసి చదువుతున్నారో అక్కడే తెలుస్తుంది.

తర్వాత మోరిల్ హాల్‌కి తీసుకెళ్తాను. మోరిల్ అంటే, కాలేజీలు పెట్టడానికి రాష్ట్రాలకి భూమినిచ్చే చట్టం తెచ్చినాయన. 1862 జులైలో లింకన్ దాని మీద సంతకం పెట్టాడు. పొలం పనుల వాళ్ల పిల్లలకీ పెద్ద చదువులు అందాయి, నిజమే. మరి ఆ భూమి ఎవరిది? అక్కడి ఆదివాసీ తెగలది. ఆ ఏడాదే ఇక్కడి డకోటాలు ఆకలికి తాళలేక తిరగబడ్డారు. 303 మందికి మరణశిక్ష పడింది. ఎక్కువమందిని తప్పించి, మిగిలినవాళ్ల ఉరికి ఒప్పుకున్నదీ లింకనే. డిసెంబరు 26న మంకాటోలో 38 మందిని ఒకేసారి ఉరి తీశారు. ఆరు రోజులకే, బానిసల విముక్తి ప్రకటన మీద అదే చేత్తో సంతకం! బడి పుస్తకంలో చదువుకున్న లింకన్ ఈయనేనా అనిపించి, ఇదంతా తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

1969 జనవరిలో డెబ్భై మంది దాకా నల్లజాతి విద్యార్థులు ఆ మోరిల్ హాల్లోనే ఒక రోజంతా బైఠాయించారు. తమ చరిత్రకో శాఖ సాధించుకున్నారు. ఆదివాసీల చరిత్రకీ ఆ ఏడాదే ఇక్కడ శాఖ వచ్చింది, దేశంలో అదే మొదటిది.

క్లాసులో భూమి మాటొస్తే మొహమాటపడకు. పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన మన కోయల గురించి, కొండరెడ్ల గురించి చెప్పు. ఇక్కడివాళ్లకి తెలియదు, శ్రద్ధగా వింటారు.

మంచు బూట్లు అక్కణ్నించి మోసుకురాకు, ఇక్కడ కొందాం. కందిపొడి మాత్రం మరిచిపోకు.