ఉప్పునీటిలో లోహపు పలకలు ఏల కరగును?

త్రాగునీటి శుద్ధికై బ్లీచింగు పొడిని వాడుట గ్రామములలో అందరెరిగినదే. ఉప్పునీటిలో విద్యుత్తును ప్రసరింపజేసి క్లోరిన్ ద్రావణమును అక్కడికక్కడే తయారుచేయు యంత్రములు కూడ కొన్నిచోట్ల వాడుకలో నున్నవి. ఇందలి పలకలు పాడైనపుడు ఏ లోహమును వేయవలె నను ప్రశ్న పంచాయతీ ముందుకు వచ్చును. బజారులో చౌకగా దొరకు రేకులు చాలవా యని తోచవచ్చును. ఆ పొదుపు ప్రమాదకరము.

యంత్రము పనిచేయు తీరు

లీటరు నీటికి 20 నుండి 30 గ్రాముల ఉప్పు కలిపి, అందు రెండు పలకలు దించి, ఏకముఖ విద్యుత్తు నిచ్చెదరు. ధనధ్రువము వద్ద ఉప్పులోని క్లోరిన్ వెలువడును. ఋణధ్రువము వద్ద ఉదజని బుడగలుగా లేచిపోగా క్షారము మిగులును. క్లోరిన్, క్షారము కలిసి సోడియం హైపోక్లోరైటు ఏర్పడును. క్రిములను చంపునది ఇదియే.

ఇనుము ఏల పనికిరాదు?

ధనధ్రువముగా ఇనుమును వాడినచో, క్లోరిన్ వెలువడుట కంటె ఇనుము కరగుటయే సులభము. 1 ఆంపియరు విద్యుత్తు ఒక గంట ప్రవహించిన, సుమారు 1 గ్రాము ఇనుము కరగును. 10 ఆంపియర్లతో రోజుకు 8 గంటలు నడిపిన, 80 గ్రాములకు పైగా హరించును. తొట్టిలో గోధుమవన్నె బురద చేరును, క్రిములు చావవు. రాగియు నిట్లే కరగును.

స్టెయిన్‌లెస్ స్టీలు మరింత మోసకారి. దానిని కాపాడు సన్నని పొరను ఉప్పు ఛేదించును. అంతట క్రోమియము, నికెలు నీటిలో చేరును. క్రోమియము దాల్చు రూపములలో నొకటి విషము. కొద్దిపాటిగా నున్నపుడు అది కంటికి కనబడదు.

సరియైన పలక

టైటానియము ఉప్పునీటికి లొంగదు. కాని దానిపై నేర్పడు పొర విద్యుత్తును అడ్డగించును. కావున రుథేనియము, ఇరిడియముల ఆక్సైడ్లను దానిపై పూతగా వేయుదురు. 1960వ దశకములో హెన్రీ బీర్ అను పరిశోధకుడు ఇట్టి పూత పలకలను కనుగొనెను.

సభ్యులు గమనింపవలసినవి

1. పూత మిక్కిలి పలుచనిది. తీగబ్రష్షుతోగాని గరుకు కాగితముతోగాని రుద్దరాదు.

2. కఠినజలము వలన ఋణధ్రువముపై తెల్లని సున్నపుపెచ్చు కట్టును. యంత్రమును ఆపి, తయారీదారు చెప్పిన పలుచని ఆమ్లముతో కడుగవలెను. ఆ ఆమ్లమును క్లోరిన్ ద్రావణముతో కలుపరాదు, విషవాయువు పుట్టును.

3. ధన, ఋణ తీగలను తారుమారు చేయరాదు.

4. ఉదజని మండు వాయువు. గది కిటికీలు తెరచి యుంచవలెను. నిప్పు దరి చేరనీయరాదు.

5. కుళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి యుండవలెను. ప్రతిదినము క్లోరోస్కోపుతో పరీక్షింపుడు. ఉప్పు, విద్యుత్తు సరిగా నుండియు క్లోరిన్ తగ్గినచో, పలకలను పరీక్షింపవలెను.

పలక ధర లెక్క చూచునపుడు, ఆ నీరు త్రాగు పసిబిడ్డలను కూడ లెక్కలోనికి తీసికొనుట పంచాయతీ ధర్మము.