తాతకి నొప్పి ఎందుకు తెలిసేది కాదు?

ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తొమ్మిదో తరగతిది. "మెదడు గురించి రాయి, పుస్తకంలో ఉన్నది ఎత్తి రాయకు, నీకు తెలిసింది రాయి" అన్నారు సైన్సు మేడమ్. నాకు తెలిసింది ఏటున్నాది అని రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. అయ్యకి వేలిముద్ర, అమ్మకి వేలిముద్ర. తాతకైతే వేలిముద్ర కూడా సరిగ్గా పడేది కాదు. రేషను మిషను ఆయన వేలిని గుర్తుపట్టకపోతే అయ్య వేలు పెట్టి బియ్యం తెచ్చేవాడు. తాత చేతుల గురించి మాత్రం నాకు బాగా తెలుసు. అందుకని నొప్పి గురించి రాస్తున్నాను. సుఖం గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఆ రెండింటినీ నడిపేది ఒకే మెదడు.

మాది కురుపాం పక్కన కొండమీద చిన్న ఊరు. మేము జాతాపులం. నాకు ఆరేళ్లప్పుడు ఒకరోజు చోడి అంబలి కుండ పొంగిపోతుంటే తాత గుడ్డ లేకుండా రెండు చేతులతో పట్టుకుని దించేశాడు. నేనూ తమ్ముడూ నోరు తెరిచి చూశాం. మా తాతకి నిప్పు మంత్రం వచ్చని ఊరంతా తిరిగి చెప్పాం. రాత్రికి అరచేతుల్లో ఉసిరికాయలంత బొబ్బలు లేచాయి. అమ్మ చూసి ఏడ్చింది. తాతేమో "నొప్పి లేదే గుంటా, ఊరుకోండి" అన్నాడు. మా తాత ఎంత ధైర్యవంతుడో అనుకున్నాను అప్పుడు.

మామూలు చెయ్యి వేడి కుండకి తగిలితే ఏమవుతుందో చూద్దాం. చర్మం కింద నాడుల కొసలు ఉంటాయి. ఎక్కువ వేడి, గట్టి నొక్కు, కోత, ఇలాంటి ప్రమాదాలను కనిపెట్టడమే వాటి పని. వేడి తగలగానే అవి కబురు పంపుతాయి. కబురు వెన్నుపాముకి చేరగానే అక్కడి నుంచే "చెయ్యి తియ్యి" అని కండరాలకి ఆజ్ఞ వెళ్తాది. మెదడుకి ఇంకా సంగతి తెలియదు, చెయ్యి మాత్రం వచ్చేస్తాది. దీన్నే ప్రతీకార చర్య అంటారు. మన వంటగదిలో అన్నం గుండిగకి చెయ్యి తగిలినప్పుడు ముందు చెయ్యి తీసి, తర్వాత "అమ్మా" అంటాం. ఎప్పుడైనా గమనించండి.

కబురు తీసుకెళ్లే నాడులు రెండు రకాలు. ఒకటి వేగంగా వెళ్తాది, సెకనుకి 5 మీటర్ల నుంచి 30 మీటర్ల దాకా. రెండోది నిదానంగా, సెకనుకి సుమారు ఒక మీటరు. గడపకి కాలివేలు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమంటాది, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత మంటగా సలుపు మొదలవుతాది కదా. ఆ మధ్యలోనే రెండో కబురు నడిచి వస్తున్నాది అన్నమాట. కాలివేలి నుంచి వెన్నుపాము దాకా రావడానికే దానికి దాదాపు సెకను పడతాది. నేను పదిసార్లు చూశాను, నిజమే. (కావాలని కొట్టుకోకండి. మన డార్మిటరీ గడప ఎలాగూ అందరికీ తగులుతాది.)

ఇక్కడ నాకు చాలా ఆశ్చర్యం వేసిన సంగతి రాస్తాను. వేలు పంపేది కబురు మాత్రమే. నొప్పిని తయారు చేసేది మెదడు. ఆ కబురు చూసి ఇది ఎంత ప్రమాదం, ఇప్పుడు పట్టించుకోవాలా, తర్వాత చూసుకోవచ్చా అని మెదడు ఆలోచించుకుంటాది. మొన్న కబడ్డీ పోటీలో మా జట్టు అమ్మాయికి మోకాలు దోక్కుపోయి రక్తం మేజోడు దాకా కారింది. ఆట అయ్యేదాకా ఆమెకి తెలియనే తెలియదు. అయ్యాక కూర్చుని చూసుకుని ఒకటే ఏడుపు. దెబ్బ అదే, మోకాలు అదే. ఆట ఆడుతున్నంతసేపూ మెదడు వెన్నుపాముకి "ఆ కబుర్లు కాస్త తగ్గించు" అని తిరుగు కబురు పంపింది.

పిల్లకి దెబ్బ తగిలితే అమ్మ వెంటనే ఆ చోట రుద్దుతాది. అది ఉత్త బుజ్జగింపు కాదట. రుద్దినప్పుడు స్పర్శ కబుర్లు తీసుకెళ్లే లావు నాడులు పని చేస్తాయి. అవి వెన్నుపాములో నొప్పి కబురు వెళ్లే తలుపును కొంచెం మూస్తాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ఈ తలుపు సిద్ధాంతం చెప్పారు. తర్వాత వాళ్లు చెప్పినదాంట్లో కొన్ని మార్పులు వచ్చాయి గానీ అసలు సంగతి నిలబడింది. మా అమ్మకి ఇది చెప్తే "మాకు తెలియదేటి?" అంది.

ఇప్పుడు మిరపకాయ. చీపురుపల్లి కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరలో మిరపకాయ బజ్జీ తిని కన్నీళ్లు పెట్టుకుని మళ్లీ ఇంకొకటి అడిగినవాళ్లు మన బడిలో చాలామంది ఉన్నారు. కారం రుచి కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు రుచులు. కారం అంటే నొప్పి. మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంటాది. మన నాడుల కొసల్లో 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే చిన్న ద్వారం ఉంటాది. కాప్సైసిన్ ఆ ద్వారాన్ని చల్లగా ఉన్నప్పుడే తెరిచేస్తాది. నోరు కాలుతున్నాది అని మెదడు నమ్మేస్తాది. ఈ ద్వారాన్ని అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. 2021లో ఆయనకీ, స్పర్శకి ద్వారాలు కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పక్షుల్లో ఆ ద్వారానికి కాప్సైసిన్ తగిలినా తెరుచుకోదు. అందుకే మా పెరట్లో చిలకలు పండు మిరపకాయలు హాయిగా తిని పోతాయి, మా తమ్ముడు ఒకటి కొరికితే ఊరు లేస్తాది.

మరి మంట పుట్టినా ఇంకో బజ్జీ ఎందుకు అడుగుతాం? నొప్పి ఎక్కువైనప్పుడు దాన్ని తగ్గించడానికి శరీరం తన మందు తనే తయారు చేసుకుంటాది. గసగసాల మొక్క కాయ నుంచి నల్లమందు వస్తాది, దాంట్లోంచి మార్ఫిన్ తీస్తారు, ఆపరేషన్ అయినవాళ్లకి ఇస్తారు. ఎక్కడో మొక్కలో ఉన్నది మన మెదడులో ఎలా పని చేస్తాది అని వెతికితే, దానికి సరిపడే తాళాలు మెదడులో ముందే ఉన్నాయని తేలింది. ఆ తాళాలకి మన సొంత తాళంచెవి కూడా ఉండాలి కదా. 1975లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ అనే ఇద్దరు పంది మెదడు నుంచి దాన్ని బయటకి తీశారు. అలాంటి పదార్థాల్లో కొన్నింటిని ఎండార్ఫిన్లు అంటారు. లోపలి మార్ఫిన్ అని అర్థం.

పరుగెత్తినా, గట్టిగా నవ్వినా, కలిసి ఆడినా అవి వస్తాయి. 2015లో బ్రెజిల్‌లో మనలాంటి హైస్కూలు పిల్లల చేతనే డాన్సు చేయించి పరీక్ష చేశారు. రక్తపోటు చూసే పట్టీ చేతికి బిగిస్తూ ఎంతదాకా ఓర్చుకుంటారో ముందూ తర్వాతా చూశారు. అందరూ ఒకే అడుగు వేసి ఆడిన పిల్లలు ఎక్కువ ఓర్చుకున్నారు. కందికొత్తల పండగకి మా ఊళ్లో తెల్లారేదాకా చేతులు పట్టుకుని థింసా ఆడతారు. పగలంతా కొండపోడులో వంగి పని చేసినవాళ్లే. నడుం నొప్పి రాత్రి ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు.

సుఖం సంగతి ఇంకొకటి ఉంది. 1954లో కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ అనేవాళ్లు ఎలుక మెదడులో సన్నని తీగ పెట్టారు. మీట నొక్కితే కొద్దిగా కరెంటు వస్తాది. ఆ ఎలుక గంటకి వందలసార్లు మీట నొక్కింది. ఇలాంటి చోట్ల డోపమైన్ అనే పదార్థం పని చేస్తాది. అది ఇచ్చేది "ఇంకా కావాలి" అనే కోరికట, తృప్తి వేరట. సారా కూడా ఇదే మీట నొక్కుతాది. మా చిన్నాన్న సంగతి నాకు అప్పుడు అర్థమైంది. అంతకన్నా రాయను.

ఇంటి బెంగ కూడా నొప్పే. ఆరో తరగతిలో ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు రోజూ కడుపునొప్పి. మాత్ర ఇచ్చినా తగ్గలేదు, అయ్య వచ్చి గేటు దగ్గర నిలబడగానే తగ్గిపోయింది. దొంగ నొప్పి అని నవ్వారు. 2003లో అమెరికాలో కొందరిని బంతాటలోంచి కావాలని వదిలేసి వాళ్ల మెదడు చూశారు. నొప్పి వేసినప్పుడు పని చేసే చోట్లలో ఒకటి అప్పుడు కూడా పని చేసింది. కాబట్టి ఆరో తరగతి చెల్లెళ్లని చూసి నవ్వకండి.

ఇక తాత దగ్గరకి వస్తాను. తాతకి వచ్చింది కుష్ఠు వ్యాధి. మా ఊళ్లో పెద్దరోగం అంటారు, పేరు కూడా గట్టిగా పలకరు. శాపం అనుకునేవారు. అది సూక్ష్మజీవి వల్ల వస్తాది. నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు 1873లో దాన్ని చూశాడు. చాలా నిదానంగా పెరుగుతాది, ఒంట్లోకి వచ్చిన కొన్నేళ్లకి గానీ బయటపడదు. చల్లగా ఉండే చోట్లు దానికి ఇష్టం, అంటే చర్మం, చెవులు, చేతులు, కాళ్లు. అక్కడి నాడుల్లో చేరి వాటిని పాడు చేస్తాది. కబురు పంపేవాడు పోయాక మెదడు ఏం చేస్తాది? కుండ కాలుతున్నా చెయ్యి చల్లగా ఉందనే అనుకుంటాది.

ఈ జబ్బు వల్ల వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని అందరూ అనుకునేవారు. పాల్ బ్రాండ్ అనే డాక్టరుగారు 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వేలూరు ఆసుపత్రిలో చేరారు. వేళ్లు ఎలా పోతున్నాయని ఆయన ఒక్కొక్క రోగినీ గమనించారు. నొప్పి తెలియక కాలిపోయి, కోసుకుపోయి, అదే పుండు మీద మళ్లీ పని చేసి, చీము పట్టి వేళ్లు అరిగిపోతున్నాయి. కొందరికి రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాలేదు. అది తెలిశాక వాళ్లకి పెంచుకోవడానికి పిల్లుల్ని ఇచ్చారు. ఇది చదివి నేను రాత్రంతా పడుకోలేదు. మా ఇంట్లో కూడా ఎలుకలు ఉండేవి.

పాకిస్తాన్‌లో పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లాడు ఉండేవాడు. వీధుల్లో నిప్పుల మీద నడిచి, చేతిలో కత్తులు గుచ్చుకుని డబ్బులు అడిగేవాడు. ఇంటి కప్పు మీద నుంచి దూకి, పద్నాలుగో పుట్టినరోజు రాకముందే చనిపోయాడు. అతని బంధువులను పరీక్షించి, ఒక్క జన్యువు పాడవడమే కారణం అని 2006లో తేల్చారు. నాకు ఇప్పుడు పద్నాలుగు.

తాత సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో మందు తిన్నాడు. సూక్ష్మజీవి చచ్చిపోయింది, కానీ అప్పటికే చచ్చిన నాడులు తిరిగి రాలేదు. అక్కడ ఆయనకి ఒక పని నేర్పారు. నొప్పి చెప్పదు కాబట్టి రోజూ కళ్లతో చూసుకోవాలి. సాయంత్రం చేతులూ కాళ్లూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, ముల్లు దిగిందా, బొబ్బ లేచిందా అని వెతకాలి. అరికాళ్లు ఆయనకి కనిపించవు కదా, అది చూసే పని నాది. దీపం పట్టుకుని "ఇక్కడ ఎర్రగా ఉంది తాతా" అనేదాన్ని. "బేగి సూసినావు గుంటా" అనేవాడు. నేను ఇక్కడికి చదువుకి వచ్చాక ఆ పని తమ్ముడిది. తాత పోయి మూడేళ్లయింది.

ఇది రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో నా ఎడమ మోచెయ్యి పక్కన అర్ధరూపాయంత తెల్లమచ్చ కనిపించింది. దురద లేదు. అమ్మ చూసి పొడుగుచేతుల జాకెట్టు వేసుకోమంది. "తెలిస్తే నిన్నెవరు చేసుకుంటారే" అంది. నేను కూడా నెల రోజులు దాచాను. తాత కాళ్లు అన్నేళ్లు చూసిన నేనే దాచాను. తర్వాత నర్సమ్మ వచ్చినప్పుడు చూపించాను. కళ్లు మూసుకోమని, పెన్ను కొసతో ముట్టుకుని, ముట్టుకున్నచోట వేలు పెట్టమన్నారు. మొదట రెండుసార్లు పెట్టాను. ఆ తర్వాత ఆమె ముట్టుకోవడం ఆపేశారు అనుకుని కళ్లు తెరిచాను. పెన్ను మచ్చ మీదే ఉంది.

నాకు ఆరు నెలల మాత్రలు, ఉచితంగా ఇస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అంటించే గుణం పోతాది. మనలో చాలామంది ఒంట్లో దాన్ని ఎదిరించే శక్తి పుట్టుకతోనే ఉంటాది. నా మాత్రలు తెలిసి ఒకామె తన చాప దూరంగా జరుపుకుంది. ఆమెకి పై వాక్యాలు చదివి వినిపించాను. రెండు రోజులకి చాప మళ్లీ దగ్గరకి వచ్చింది. ఆమె పేరు రాయను, ఈ కాగితం మీద గీతలు కొట్టింది ఆమే.

నాలుగో నెల నడుస్తున్నాది. రోజూ రాత్రి మచ్చ మీద గిల్లి చూసుకుంటాను. మొన్న ఈ పాఠం చిత్తుప్రతి రాస్తుంటే మచ్చ అంచున ఎర్రచీమ కుట్టింది. చురుక్కుమంది. "ఓలమ్మో" అని అరిచాను, స్టడీ అవర్ అంతా నా వైపు చూసింది.

నర్సమ్మ వచ్చే నెల రెండో శనివారం వస్తారు. నేను ఎలాగూ మాత్రల కోసం వెళ్లాలి. ఎవరి ఒంటిమీదైనా తిమ్మిరిగా, స్పర్శ లేని మచ్చ ఉంటే నాతో రండి. గదిలోకి ఒక్కొక్కరినే పిలుస్తారు, తలుపు వేస్తారు. పెన్నుతో ముట్టుకుంటారు అంతే.