ల్యాప్‌టాప్ పోర్టుతో చిన్న లైటు

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు చదువుకోవడానికి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించే లైటు ఇంట్లోనే చేసుకోవచ్చా? పోర్టు పాడవుతుందా?
– ఓ డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. పోర్టు ఇచ్చేది 5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 3.2 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు. అందుకే మధ్యలో 100 ఓముల రెసిస్టరు ఉండాలి. అది లేకుండా నేరుగా కలిపితే ఎల్‌ఈడీ మాడిపోతుంది.

పాత యూఎస్‌బీ కేబులు కోస్తే మామూలుగా నాలుగు తీగలుంటాయి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. చవక కేబుళ్లలో రంగులను నమ్మలేం, మల్టీమీటరుతో చూసుకోండి. ఆకుపచ్చ, తెలుపు డేటావి. విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి. ఎరుపు తీగకు రెసిస్టరు, దానికి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలికి నలుపు తీగ. అంతే. మూడు ఎల్‌ఈడీలు పెడితే ఒక్కోదానికీ ఒక్కో రెసిస్టరు.

మూడూ కలిపి 60 మిల్లీ ఆంపియర్లు దాటవు, యూఎస్‌బీ 2.0 పోర్టు 500 దాకా ఇవ్వగలదు. భయమల్లా ఎరుపు, నలుపు తీగలు ఒకదానికొకటి తగలడమే. అతుకులకు టంకం వేసి, టేపు చుట్టి, ముందు పాత ఫోన్ చార్జరుకు పెట్టి చూడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఉత్తరాంధ్రను చీకట్లో ముంచింది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ కన్నా పవర్‌బ్యాంకు మేలు. అయితే మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. అలా ఆగితే ఎల్‌ఈడీలు ఏడెనిమిదికి పెంచండి.